ఉతకని అంగీ

మహబూబాబాద్ బస్టాండు గోడ మీద ఆ పోస్టరు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. "పెయింటర్లకు, పెట్రోలు బంకుల్లో పనిచేసేవారికి ఉచిత మూత్ర పరీక్షలు. రంగుల ఆవిరి, పెట్రోలు ఆవిరి మీ ఒంట్లోకి ఎంత పోతోందో తెలుసుకోండి. ఆదివారం ఉదయం శుభ్రంగా స్నానం చేసి, పరగడుపున రావలెను." పక్కన తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న ఒకాయన బొమ్మ. కింద ఫోన్ నంబరు. బస్సు రావడానికి ఇంకా టైముంది. అక్కడే నిలబడి ఫోన్ కొట్టాను.

"హలో తమ్మీ, ఈ మూత్ర పరీక్షల క్యాంపు ఆదివారం పొద్దుగాల ఎందుకు పెట్టిన్రు?"

"సెలవు రోజు గదా అక్కా. అందరు ఖాళీగ ఉంటరు."

"ఖాళీగ ఉన్నోని ఒంట్ల ఏం దొరుకుతది? దినమంత పని చేసినంక సాయంత్రం పట్టాలె. స్నానం చేసి రమ్మని ఎవరు రాయమన్నరు?"

"మొన్న షుగర్ క్యాంపుకు కొట్టిచ్చిన మేటర్ అక్కా గది. పైన పేరొకటి మార్చినం."

షుగర్ క్యాంపు మేటర్! ఫోన్ పెట్టేశాను. పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ ముసలామె "ఏమైంది బిడ్డా, గట్ల అరుస్తున్నవ్?" అని అడిగింది. ఏమని చెప్పను? జనగామలో ఒక పెద్దమనిషి ఉండేవాడని, పరీక్షకు శుభ్రంగా రావడం వల్లే ఆయన బతుకు ఆగమైందని చెబితే నన్ను పిచ్చిదాన్ని అనుకునేది. "ఏం లేదు అవ్వా" అని ఊరుకున్నాను.

నాది నర్మెట్ట. ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొన్నేళ్ల కింద ఒక కాలేజీ వాళ్లు మొదలుపెట్టిన అధ్యయనంలో కాంట్రాక్టు మీద చేరాను. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కార్లకూ లారీలకూ రంగు కొట్టేవాళ్ల దగ్గర మూత్రం పట్టించి, సీసాల మీద నంబర్లు వేసి, ఐసు డబ్బాలో పెట్టి పంపడం నా పని. మా అమ్మ ఎవరడిగినా "దవాఖానల చేస్తది" అని మాట మార్చేసేది.

ఆమె సిగ్గుపడ్డా, నాకు మాత్రం ఆ పని మీద గౌరవం ఉండేది. రంగులో కలిపే తిన్నర్ ఇట్టే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఊపిరితో లోపలికి పోతుంది. చేతులు ముంచితే తోలు గుండా కూడా పోతుంది. లోపలికి పోయినదాన్ని ఒళ్లు వేరే పదార్థంగా మార్చి మూత్రంలో బయటికి తోసేస్తుంది. ఆ పదార్థాన్ని కొలిస్తే మనిషి ఎంత పీల్చాడో చెప్పవచ్చు. చిక్కల్లా ఒకటే. పని ఆపి ఒక రాత్రి నిద్రపోయి లేచేసరికి అందులో చాలా భాగం వెళ్లిపోతుంది. అందుకని పని దిగే వేళకే సీసా పట్టాలి. మాకిచ్చిన పుస్తకంలో మొదట్లోనే రాసి ఉంది. కానీ సాయంత్రం దాకా ఉంటే మా పెద్ద డాక్టరుగారికి ఇంటికి చేరడం ఆలస్యమవుతుంది. అందుకని జనగామ క్యాంపు పొద్దున్నే పెట్టారు. అదేమిటి సార్ అని అడిగితే, "ముందు మొదలుపెడదామమ్మా, తర్వాత సరిచేసుకుందాం" అన్నారు.

ఆ క్యాంపుకు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నవాడు చాచా. పేరు రాయను. ఆ రోడ్డు మీద అందరూ చాచా అనేవారు, నేనూ అలాగే అన్నాను.

తెల్ల అంగీ, ఇస్త్రీ మడత చెదరలేదు. చెవి వెనక అత్తరు. గడ్డం దువ్వుకున్నాడు. గోళ్ల సందుల్లో వెతికినా రంగు మరక లేదు. ఈయన కార్లకు రంగు కొట్టే మనిషంటే నమ్మబుద్ధి కాలేదు. నేనిచ్చిన సీసా తీసుకుపోయి, నింపి, పైన కడిగి, తుడిచి, పాత పేపర్లో చుట్టి, రెండు చేతులతో అందించాడు. వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన పట్టించుకోలేదు.

"నిన్న దినమంత పని బంద్ పెట్టిన మేడం," అన్నాడు. "పరీక్షకు వచ్చేటప్పుడు మనిషి సాఫ్ ఉండాలె గదా."

తల బాదుకోవాలనిపించింది. ఈ సాఫ్ అన్న మాట ఆయన నోట తర్వాత వెయ్యిసార్లు విన్నాను. బండికి రంగు వేసే ముందు రేకు సాఫ్ ఉండాలి. నమాజుకు చేతులు సాఫ్ ఉండాలి. బిడ్డ ఇంటికి పోయేటప్పుడు మనిషి సాఫ్ ఉండాలి. దవాఖానకు పోయేటప్పుడు మూత్రం కూడా సాఫ్ ఉండాలి! ఎవరైనా ఆ ఒక్క రోజు మురికిగా రమ్మని ఆయనకు చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

కొన్ని రోజులకు కాగితాలు వచ్చాయి. అందరివీ నార్మల్. రావా మరి? మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆ మాట విని హాయిగా వెళ్లిపోతున్నారు. చాచా మాత్రం కాగితం పట్టుకుని డాక్టరుగారి ముందు నుంచి కదల్లేదు.

"నార్మల్ అంటె ఏంది సార్?"

"మీ ఒంట్లోకి రంగుల ఆవిరి ఏం పోలేదని. బాగున్నారు."

"మరి నేను ఊగుతున్న గద సార్? మాట గూడ ఒక్కొక్కపారి ముద్దగ వస్తది. గీ చేతులు చూడుండ్రి, వణుకుతున్నయ్."

డాక్టరుగారు కళ్లద్దాల మీదుగా చూశారు. "మందు అలవాటుందా?"

వరుసలో ఎవడో గట్టిగా నవ్వాడు. చాచా "తోబా తోబా" అని రెండు చెంపలూ వేసుకున్నాడు. "పుట్టి బుద్ధెరిగిన కాడికెంచి ముట్టలె సార్."

"అందరూ అలాగే అంటారు," అని డాక్టరుగారు ఇంకో కాగితం చేతిలోకి తీసుకున్నారు.

చాచా లేచి పోతుంటే చూశాను. తలుపు దాకా వెళ్లి బీరువా మీద చెయ్యి వేశాడు. దాని రంగును వేలితో రుద్దుతూ, వంగి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత గుమ్మం. గుమ్మం రంగు కూడా అలాగే పరీక్షించాడు. ఎంత పనిమంతుడో, ఎక్కడికి పోయినా రంగే చూస్తాడు అనుకున్నాను. ఆయన పనిచేసే షెడ్డుకు పోయిన రోజు అర్థమైంది. ఒళ్లు తూలినప్పుడల్లా దగ్గర ఏ బండి ఉంటే దాని మీద చెయ్యి వేసి, రంగు చూస్తున్నట్టు నిలబడేవాడు. తూలడం ఆగాక నడిచేవాడు. రోడ్డున పోయేవాళ్లకు తాగి బండ్లను పట్టుకుని నడిచేవాడిలాగే కనిపించేవాడు.

షెడ్డుకు మూడు వైపులా రేకులు, నాలుగో వైపు మందపాటి పరదా. రంగు కొట్టేటప్పుడు ఆ పరదా కూడా దించేసేవారు, పచ్చి రంగు మీద రోడ్డు దుమ్ము వాలకూడదని. దుమ్ము లోపలికి రాదు, ఆవిరి బయటికి పోదు. మూతికి రుమాలు కట్టుకుని, చేతిలో రంగు చిమ్మే గన్ను పట్టుకుని చాచా ఆ లోపల ఉండేవాడు. పరదా ఎత్తగానే నా కళ్ల వెంట నీళ్లు కారాయి. మేము ఇచ్చిన మాస్కు ఏదని అడిగాను. గోడకున్న మొలకు వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు చూపించాడు. అందులో మాస్కు కొత్తది కొత్తగానే ఉంది.

"ఈడ పెట్టుకుంటె ఖరాబైతది బేటీ. మీ క్యాంపుకు వచ్చినప్పుడు పెట్టుకుంట."

కోప్పడదామనుకున్నాను, నవ్వొచ్చింది. చేతి తొడుగుల సంగతి అడిగితే ఆయనే నవ్వాడు. అవి తిన్నర్‌లో ముంచగానే కరిగి ముద్దయ్యాయట. తిన్నర్ వాడే వాళ్లకు తిన్నర్‌లో కరిగే తొడుగులు కొని పంపిన మహానుభావుడు ఎవరో, ఇప్పటికీ తెలియదు.

పని దగ్గర ఆ మనిషే వేరు. సొట్ట తీసిన చోట వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. రంగులకు డబ్బా మీది పేర్లు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. "గిది ఖుబానీ కా మీఠా రంగు, గది మాడిన షేర్వా రంగు" అనేవాడు. ఒకసారి నా స్కూటీ చూసి, "గిది బీపీ గోళీ రంగు బేటీ, గిసొంటిది ఎందుకు కొన్నవ్?" అన్నాడు. పరదా కింద గన్ను పట్టినప్పుడు ఆ వణికే చేతులు ఎలా నిలిచేవో గానీ, రంగు మాత్రం ఒక్క చోట కూడా జారేది కాదు.

నమాజు వేళకు గన్ను దించి, ఒక మగ్గులో తిన్నర్ పోసుకుని, మోచేతుల దాకా రుద్దుకునేవాడు. చర్మం మీద రంగు పెచ్చు ఉంటే దాని కింద నీళ్లు తగలవు, తగలకపోతే నమాజుకు ముందు కడుక్కునే వజూ కాదు. అందుకని ముందు తిన్నర్, తర్వాత సబ్బు, తర్వాత నీళ్లు. మిగతా పెయింటర్లు పని దిగేటప్పుడు ఒక్కసారి చేసే పనిని ఈయన ప్రతి నమాజుకూ చేసేవాడు. మంచినూనెతో తియ్యి చాచా అన్నాను. ప్రయత్నించాడు కూడా. పచ్చి రంగు వచ్చింది, ఎండినది రాలేదు. "సగం సాఫ్‌తోటి నిలబడమంటవా బేటీ?" అన్నాడు. తిన్నర్‌లో కరగని తొడుగులు ఉంటే సరిపోయేది. అవి కావాలని రాసి పంపాను. మళ్లీ కరిగేవే వచ్చాయి.

ఆయనకు కాగితం మీద ఎందుకంత పట్టుదలో ఆ షెడ్డులోనే చెప్పాడు. కూతుర్ని భూపాలపల్లిలో ఇచ్చాడు. అల్లుడికి అక్కడ టైర్ల దుకాణం. ఒక పండుగ పూట చాచా పని మీంచి నేరుగా బస్సెక్కి పోయాడు. ఇంటి ముందు దిగుతూ తూలి, చుట్టాలందరి ముందూ గడప మీద పడ్డాడు. మాట కూడా తడబడింది. "మా ఇంటికి తాగి రావద్దు" అన్నాడు అల్లుడు. చాచా ఒట్టు పెట్టుకున్నా నమ్మలేదు. నువ్వు తాగుబోతువు కాదని దవాఖాన కాగితం పట్టుకొచ్చిన నాడు ఇంట్లోకి రా అన్నాడట.

"గంతే బేటీ. నాకు ఒక్క కాగితం కావాలె. ఇది తిన్నర్‌తోటి అయింది, తాగితె కాలె అని. గంతె రాసియ్యి."

నేను రాయకూడదని, ఒక్క మూత్రపు సీసా చూసి ఊగడం దేనివల్లో తేల్చలేమని చెప్పాను. నరాల డాక్టరుకు కూడా చూపించాలన్నాను. కానీ తిన్నర్ ఇంత ఎక్కువగా లోపలికి పోతోందని మా కాగితంలో పడితే, ఆ డాక్టరైనా తాగుడు అని తోసేయకుండా చూస్తాడు. అల్లుడికి చూపించడానికి ఒక ముక్క ఉంటుంది. అందుకని సాయంత్రం రమ్మన్నాను. నేనే ఐసు డబ్బాతో ఉండి తీసుకుంటానన్నాను.

సాయంత్రమే వచ్చాడు. తెల్ల అంగీ, అత్తరు, మూతికి మా మాస్కు.

"చాచా, ఇయ్యాల పని చేసినవా?"

"లేదు బేటీ. నీ దగ్గరికి వచ్చేది ఉండె గదా. నిన్ననే బంద్ పెట్టిన."

అరిచాను. నిజంగానే అరిచాను. పెద్దవాడని కూడా చూడలేదు. ఆయన చిన్నబోయి, సీసా పేపర్లో చుట్టి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత భూపాలపల్లి క్యాంపుకు పోయినప్పుడు బస్టాండులో కనిపించాడు. సిమెంటు బెంచీ మీద, ఒళ్లో బేకరీ పొట్లం పెట్టుకుని, అదే తెల్ల అంగీలో కూర్చున్నాడు. పక్కన కూతురు, ఆమె కొంగు పట్టుకుని చిన్నపిల్ల. ఆయన ఇంటికి పోకూడదు కాబట్టి కూతురే పిల్లను తీసుకుని బస్టాండుకు వచ్చేదట. బస్సుల రొదలో తాతా మనవరాలూ బిస్కెట్లు తింటున్నారు. పిల్ల తాతను నానా అంటూ చెయ్యి పట్టి లాగుతోంది, "ఇంటికి పోదాం పా నానా" అని. ఆయన "మీ ఇంటికి రంగు కొట్టినంక వస్త" అంటున్నాడు.

"ఈడికి వచ్చేటప్పుడు రెండు దినాలు పని బంద్ పెడ్త బేటీ," అన్నాడు నన్ను చూసి. "పని లేకుంటె ఊగుడు జర తగ్గుతది."

నాకు అక్కడే గంతు వేయాలనిపించింది. పని ఆపితే తగ్గుతుంది! తాగుడు కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. "అది పేషెంటు చెప్పే మాటమ్మా, మనకు విలువ కావాలి, విలువ" అన్నారు. మనిషి మాటకు విలువ లేదు, సీసాలోని దానికే విలువ. సరే, అదే తెద్దామనుకున్నాను.

మనవరాలికి బిస్మిల్లా దగ్గర పడుతోందని కూతురు చెప్పింది. పిల్లకు తొలిసారి అక్షరం చెప్పించే వేడుక. ఆ రోజు తాత పక్కన కూర్చోవాలి. చాచా నా వైపు చూశాడు.

నేను ఆయన ముందు కూర్చుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. "చాచా, ఈసారి పని బంద్ పెట్టకు. దినమంత చెయ్యి. చేసినంక కడుక్కోకు, స్నానం చెయ్యకు. గా రంగు అంగీ మార్చకు, ఉతక్కు. ఉతికినవంటె అంత పోతది. గట్లనే, గా అంగీతోనే నా దగ్గరికి రా."

అంగీతో పరీక్షకు పనేం లేదు. అంగీ మార్చుకోవద్దంటే ఇంటికి పోకుండా నేరుగా వస్తాడని నా ఆలోచన. ఆయన చాలాసేపు తన ఒంటి మీది తెల్ల అంగీని చూసుకున్నాడు.

"గట్లనే బజార్ల నడిచి రావాల్నా?"

"గట్లనే."

"నమాజ్ ఎట్ల మరి?"

"సీసా ఇచ్చినంక కడుక్కొని చదువు చాచా. ఒక్కనాడు ఆలస్యమైతె ఏం కాదు."

"అచ్చా," అన్నాడు. కూతురు మా మాటలన్నీ వింటోంది.

వచ్చాడు. నేను జనగామలో మా గది మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తున్నాను. బజారు మధ్యలోంచి, గడ్డం మీద ఎర్రరంగు తుంపర, ఒంటి మీద ఏ రంగుదో తెలియని అంగీ, చెప్పులు కూడా లేవు. వరుసగా ఆపి ఉన్న బండ్ల మీద ఒక్కొక్కదాని మీద చెయ్యి వేస్తూ, ఒక్కొక్కచోట ఆగుతూ వస్తున్నాడు. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు "చాచా, పగటీలి నుంచే మొదలుపెట్టినవా?" అని నవ్వారు. ఆయన తల ఎత్తలేదు. ఆ కొంచెం దూరం నడవడం ఆయనకు ఎంత నామోషీయో నాకు కనిపిస్తూనే ఉంది. ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ముట్టకు బేటీ, రంగయితది" అన్నాడు.

సీసా ఇచ్చాడు. ఈసారి కూడా పేపర్లో చుట్టే ఇచ్చాడు. నా కాగితం మీద ఉన్న ప్రశ్నలు చదివాను. బీడీ, సిగరెట్టు లేదు. పాన్ లేదు. డబ్బా పచ్చడి లేదు. కూల్ డ్రింకు?

"తాగిన," అన్నాడు.

"ఎప్పుడు?"

"పగటీలి. కారు డెలివరీ ఉండె. గిరాకి మస్తు ఖుష్ అయి అందరికి తెప్పిచ్చిండు. బండి ఇచ్చే నాడు నోరు తీపి చేస్తరు బేటీ. వద్దంటె బండికి మంచిగ ఉండదనుకుంటరు. ఎట్ల కాదంట?"

కూల్ డ్రింకులు చెడిపోకుండా కలిపే మందు ఒకటుంది. అది కూడా ఒంట్లోకి పోయి, మేము కొలిచే ఆ పదార్థంగానే మారి బయటికి వస్తుంది. తిన్నర్‌దేదో, కూల్ డ్రింక్‌దేదో మా మిషన్ విడదీసి చెప్పలేదు. నేను చెప్పలేదా చాచాకు? చెప్పాను. పని బంద్ పెట్టకు, కడుక్కోకు, మార్చకు అని చెప్పిన రోజే కూల్ డ్రింకు తాగొద్దని కూడా చెప్పాను. కానీ గిరాకీ చేతిలోది కాదనడం ఆయన చేత అయ్యే పని కాదు.

"రాయి బేటీ," అన్నాడు నా ముఖం చూసి. "అబద్ధం రాయకు."

రాశాను. విలువ వచ్చింది. ఆ అధ్యయనం మొత్తంలో ఎవరికీ రానంత పెద్ద విలువ వచ్చింది. పెద్ద డాక్టరుగారు దాని పక్కన రాసి ఉన్న కూల్ డ్రింకు మాట చూసి, అడ్డంగా గీత కొట్టేశారు. ఒక్క కూల్ డ్రింకుతో అంత రాదు సార్ అన్నాను. వచ్చిందో రాలేదో మనకెలా తెలుసు అన్నారు. మళ్లీ సీసా పట్టిద్దాం సార్ అన్నాను. జనగామ పని అయిపోయింది, ఈ నెలాఖరుకు మొత్తం మూసేస్తున్నాం అన్నారు. ఆ గీత కొట్టిన కలం చప్పుడు నాకింకా వినిపిస్తుంది. నియమం ప్రకారం ఆయన చేసింది సరైనదే. ఆ నియమాన్ని పొద్దున క్యాంపు పెట్టినప్పుడు ఎక్కడ దాచారని నా కడుపుమంట.

చాచా చేతిలో మిగిలినవి నార్మల్ అన్న కాగితాలే. తాగుబోతు కాదని వాటిలో లేదు. పైగా రంగుల వల్ల ఏమీ కాలేదని వాటిలో ఉంది. అల్లుడికి చూపిస్తే, "మరి ఎందుకు ఊగుతున్నవ్?" అని అడిగాడట. ఆ ప్రశ్న చాచా మా డాక్టరుగారిని అడిగిందే.

బిస్మిల్లా అయిన మర్నాడు నేనే ఫోన్ చేశాను.

"పోయినవా చాచా?"

"పోయిన బేటీ. బస్టాండ్ల కూసున్న. అల్లుడు మంచోడే. బిర్యానీ గాడికే పంపిచ్చిండు. మంచిగుండె." మళ్లీ తనే, "నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు.

నరాల డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు చెప్పినా పోలేదు. "ఆయన గూడ తాగుతవా అనే అడుగుతడు" అనేవాడు. కిందటి చలికాలం షెడ్డులోనే కూలిపోయి, మళ్లీ లేవలేదు. నేను అప్పుడు గార్ల వైపు వేరే పనిలో ఉన్నాను. తెలిసేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. షెడ్డు ఓనరు ఫోన్లో అన్నాడు, "మంచి పనోడు అక్కా. తాగుడు ఒక్కటి లేకుంటె." నేను ఫోన్ కోసేశాను.

ఆ పోస్టరు చూసిన మర్నాడు పని మీద భూపాలపల్లి పోయాను. పని ముగించుకుని, అడుగుతూ అడుగుతూ కూతురి ఇల్లు పట్టుకున్నాను. గడప ముందు ఒక్క క్షణం ఆగాను. ఆయన పడిన గడప అదే. అల్లుడు ముందు గదిలో టీవీ చూస్తున్నాడు. మర్యాదగానే కుర్చీ వేశాడు.

"ఇప్పుడేం పరీక్షలు మేడం," అన్నాడు. "అలవాటు ఉండె, పోయిండు. ఎవర్నని ఏం లాభం?"

లోపల్నుంచి కూతురు వచ్చింది. మొగుడి వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

"చిన్నప్పట్నుంచి మా అబ్బా దగ్గర ఒక్కటే వాసన అక్కా. గది రంగు వాసన. తాగిన వాసన ఎట్లుంటదో ఈ ఇంటికి వచ్చినంకనే నాకు తెలిసింది."

అల్లుడు టీవీ సౌండు పెంచాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలి గదికి తీసుకుపోయింది. మంచం కింది ట్రంకు పెట్టె లాగి, అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. మూతి గట్టిగా దారంతో కట్టి ఉంది. కవరు నేను గుర్తుపట్టాను. మాస్కు దాచుకున్న కవరది. ముడి విప్పింది. లోపల ఆ అంగీ. బజారు మధ్యలోంచి నా దగ్గరికి వచ్చిన అంగీ. గడ్డకట్టిన రంగులతో అట్టలా ఉంది. ఇన్ని నెలలకు అందులో తిన్నర్ చుక్క కూడా మిగలదని నాకు తెలుసు. అయినా రంగు వాసన వచ్చింది.

"షెడ్డుల మొలకు ఉండె. అందరు పారెయ్యమన్నరు. నేను తెచ్చిన." కవరు మళ్లీ మూసి, దారం చుట్టి, నా చేతుల్లో పెట్టింది. "ఉతకలె అక్కా. మేడం ఉతకొద్దన్నదని అబ్బా గూడ చెప్పిండు, నేను గూడ విన్న. నీళ్లు తగలనియ్యలె."

రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. మా మిషన్ అంగీలను చూడదని చెప్పాలి. నోరు తెరిచాను. ముందు గదిలో టీవీ మోగుతూనే ఉంది. ఆమె ఆ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"కాగితం ఎన్ని దినాలకు వస్తది అక్కా?"